ముందు విల్లు రాయి చెల్లెమ్మా

చిరంజీవి చెల్లెమ్మకు, కావలి నుంచి అన్నయ్య దీవించి రాయునది.

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. జీవితమంతా దస్తావేజులు రాసినవాణ్ణి, కాగితం మీదైతేనే నాకు వరస కుదురుతుంది.

"పిల్లలు లేరు, ఆయనా పోయారు, ఉన్నదేదో మా తమ్ముడి పిల్లలకే చేరుతుందిగా, విల్లు దేనికి" అన్నావు. చేరదమ్మా. 1956 హిందూ వారసత్వ చట్టంలో 15వ సెక్షన్ చూడు. విల్లు రాయకుండా ఆడమనిషి పోతే ఆస్తి మొదట పిల్లలకు, భర్తకు వెళుతుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులకు. పుట్టింటివాళ్ల వంతు ఆ తర్వాతే. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం మినహాయింపు ఉంది, పిల్లలు లేకపోతే అది తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. మన వైపు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర నీ పొలం మీ నాన్న, అంటే మా చిన్నాయన, పసుపు కుంకుమ కింద సెటిల్‌మెంట్ దస్తావేజుతో బతికుండగానే ఇచ్చాడు. అది వారసత్వం లెక్కలోకి రాదు. అంటే అదీ బావ తమ్ముళ్లకే పోతుంది. నీ టీచరు జీతంతో వేదాయపాళెంలో కట్టుకున్న ఇల్లూ అంతే. 2009లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. పెళ్లయిన కొన్ని నెలలకే భర్త పోతే అత్తింటివాళ్లు వెళ్లగొట్టిన మనిషి ఆమె. పుట్టింట్లో చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించుకుంది. విల్లు రాయకుండా పోయింది. ఆ సొమ్ము భర్త వారసులకే వెళ్లింది. న్యాయమా అని అడగకు. రాసి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

కాబట్టి విల్లు రాయి. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. నువ్వు సంతకం పెడుతుంటే ఇద్దరు సాక్షులు చూడాలి, వాళ్లూ నీ ఎదుటే సంతకాలు పెట్టాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు, రేపు కోర్టులో అనుమానానికి తావిస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ నీ విషయంలో చేయించాల్సిందే అంటాను, ఎందుకంటే అడ్డం వచ్చేవాళ్లు ఎవరో ఇప్పటికే తెలుసు. ఆ రోజే మీ డాక్టరు దగ్గర నీ మతి స్థిమితంగా ఉందని ఒక సర్టిఫికెట్ తీసుకో. రిజిస్టరైనా సరే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది.

రాయడంలో రెండు సంగతులు జనం వదిలేస్తారు. మేనకోడలికి ఇల్లు అని రాస్తారు, ఆ పిల్ల ముందే పోతే ఎవరికో రాయరు. అలాగే "ఇందులో చెప్పనివి, ఇకమీదట నాకు వచ్చేవి" ఎవరికో రాయరు. ఈ రెండు వాక్యాలు లేకపోతే ఆ మేరకు మళ్లీ 15వ సెక్షనే దిక్కు. బావ తమ్ముళ్లకు ఎందుకు ఇవ్వడం లేదో కూడా కోపం లేకుండా ఒక వాక్యంలో రాయించు. పొలానికి సర్వే నంబరు, చెక్కుబందీ (నాలుగు వైపులా హద్దులు) పాసుపుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. ఇంటి స్థలానికి అంకణాలతో పాటు చదరపు అడుగులూ వేయించు, అంకణం కొలత అన్నిచోట్లా ఒకటి కాదు.

మేనకోడలి మొగుడు "విల్లు ఎందుకత్తా, ఇప్పుడే సెటిల్‌మెంట్ రాసివ్వు" అంటున్నాడన్నావు. మంచి కుర్రాడే, కాదనను. కానీ సెటిల్‌మెంట్ రిజిస్టరైతే మనసు మారినా వెనక్కి తీసుకోవడం మహా కష్టం. రాసిచ్చాక వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వృద్ధాశ్రమానికి జరిగినవాళ్ల దస్తావేజులు నా చేతిమీదుగానే పోయాయి. తప్పదనుకుంటే బతికున్నంతకాలం అనుభవ హక్కు నీకే ఉంచుకుని, నిన్ను చూసుకోవాలనే షరతు అందులోనే రాయించు. అప్పుడు వాళ్లు మాట తప్పితే 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌కు పోయి రద్దు కోరవచ్చు. షరతు నోటిమాటగా ఉంటే ఆ దారి ఇరుకైపోతుంది.

జీపీఏ, అంటే నీ తరఫున పనులు చేయమని ఒకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, దాని మీద ఆశ పెట్టుకోకు. ఇచ్చిన మనిషి పోయిన క్షణమే అది పోతుంది. మతి తప్పినా మన చట్టం ప్రకారం చెల్లదు, అంటే సరిగ్గా నీకు అవసరమైన రోజున పనికిరాదు. అమ్మే అధికారం అసలు ఇవ్వొద్దు. కౌలు వసూలుకో, కరెంటు ఆఫీసు పనికో అయితే ఆ ఒక్క పనికే స్పెషల్ పవర్ ఇవ్వు.

ఆస్తిని ఒకరి చేతిలో పెట్టి ఇంకొకరి కోసం నడిపించే ట్రస్టు నీకు అనవసరం. తనంతట తాను బతకలేని బిడ్డ ఉన్న ఇంట్లో దానికి విలువ.

బ్యాంకులో నామినీగా మేనకోడలి పేరు ఉందని ధీమాగా ఉన్నావు. నామినీకి బ్యాంకు డబ్బు చేతికిస్తుంది, అంతమాత్రాన అది ఆమె సొంతం కాదు, వారసులు అడగొచ్చు. డిపాజిట్లూ విల్లులో చేర్చు.

ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు జిరాక్సులు పంపిస్తే చిత్తు నేనే రాసిస్తాను, ఫీజు వద్దులే. సాక్షులుగా మీ స్కూలు టీచర్లలో నీకంటే చిన్నవాళ్లను, నెల్లూరు వదిలిపోనివాళ్లను చూసుకో. నన్ను మాత్రం రమ్మనకు. నీ తర్వాత కోర్టుకొచ్చి "అవును, నా ఎదుటే పెట్టింది" అని చెప్పాల్సినవాడు నాలాంటి ముసలాడైతే ఎట్లా?

ఇట్లు
మీ అన్నయ్య