డిప్రిసియేషన్ అంటే ధర పడిపోవడమేనా, లెక్కల వాళ్లు చెప్పేది వేరేదా?

మీ ప్రశ్న సారాంశం ఇది: "డిప్రిసియేషన్ అంటే వస్తువు విలువ తగ్గడమే కదా, మరి లెక్కల్లో దాన్ని ఖర్చు అని ఎందుకు రాస్తారు? జేబులోంచి డబ్బేమీ పోలేదుగా? ఇంతకీ నా ల్యాప్‌టాప్‌కి ఎంత డిప్రిసియేషన్ అనుకోవాలి?" ఇందులో మొదటి సగం దాదాపు ఇవే మాటల్లో నేనూ ఒకప్పుడు మా అకౌంటెంట్‌ను అడిగాను. కాస్త కోపంగానే అడిగాను.

మామూలు మాటల్లో డిప్రిసియేషన్ అంటే అమ్మకపు విలువ పడిపోవడం. కొత్త కారు షోరూం గేటు దాటగానే సెకండ్‌హ్యాండ్ అయిపోతుంది అంటారే, అది. ఇక్కడ ప్రశ్న "ఇవాళ అమ్మితే ఎంతొస్తుంది?" అని. లెక్కల పుస్తకం అడిగే ప్రశ్న అది కాదు. "కొన్నప్పుడు పెట్టిన డబ్బులో ఈ ఏడాది వాడకం కింద ఎంత రాసుకోవాలి?" అని అడుగుతుంది. పేరు ఒకటే గానీ ప్రశ్నలు రెండు. మన తరుగుదల అనే మాట కూడా రెంటికీ వాడతాం కాబట్టి గందరగోళం తెలుగులోనూ తప్పదు.

నా అనుభవం చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. నేనూ ఒక స్నేహితుడూ కలిసి ఫొటోకాపీ మిషన్ ఒకటి పెట్టాం. ధర 3,00,000. ఆరేళ్లు పనిచేస్తుందని, ఆ తర్వాత తుక్కు కింద 30,000 వస్తుందని అనుకున్నాం. మొదటి రెండేళ్లూ లెక్క చాలా సింపుల్. వచ్చిన డబ్బులోంచి కాగితం, ఇంకు పొడి, కరెంటు, అద్దె తీసేస్తే ఏడాదికి 60,000 మిగిలింది. చెరి 30,000 పంచుకున్నాం. మిషన్ ఎలాగూ కొనేశాం కదా, దాని ఖర్చు అయిపోయిందనే ధీమా.

మూడో ఏడాది పన్ను కాగితాల కోసం అకౌంటెంట్ దగ్గరికి వెళ్తే ఆయన చిత్తు కాగితం మీద ఒక తీసివేత, ఒక భాగహారం చేశాడు. 3,00,000లోంచి 30,000 తీస్తే 2,70,000. దాన్ని ఆరుతో భాగిస్తే ఏడాదికి 45,000. "మీకు మిగిలింది అరవై వేలు కాదు, పదిహేను వేలు. మిగతాది మీరు తిన్నది మిషన్‌నే" అన్నాడు. అప్పుడే నేను పై ప్రశ్న వేశాను, డబ్బేమీ బయటికి పోలేదు కదా అని. "పోయింది, మొదటి రోజే మొత్తం పోయింది. ఆరేళ్ల ఖర్చు ఒక్క రోజున కట్టావు. ఇప్పుడు ఏ ఏడాది వాటా ఆ ఏడాదికి పంచుతున్నాం, అంతే" అన్నాడు. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఇంతవరకూ ఎక్కడా కనపడలేదు.

ఆయన చేసింది కామర్స్ పుస్తకాల్లో స్థిర వాయిదాల పద్ధతి. ఇదేమీ కొత్తది కాదు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాసినదాన్ని బట్టి, రాళ్లూ సున్నమూ కలిపి కట్టిన ఉమ్మడి గోడకు అప్పట్లో వెల కట్టేటప్పుడు, కట్టిన ఖర్చులోంచి గడిచిన ప్రతి ఏడాదికీ ఎనభయ్యో వంతు తీసేసేవారు. అలాంటి గోడ ఎనభై ఏళ్లకు మించి నిలవదని వాళ్ల అంచనా. నిటారుగా నిలబడ్డ ఇటుక గోడకైతే ఏమీ తీసేవారు కాదట. మా మిషన్ లెక్కకీ ఆ గోడ లెక్కకీ తేడా ఎనభైకి బదులు ఆరు రావడం, తుక్కు విలువ ముందే తీసేయడం, అంతే.

ఇంకోటి తగ్గుతున్న నిల్వల పద్ధతి. ఏటా ఒకే శాతం, కానీ మిగిలిన విలువ మీద. 30 శాతం అనుకుంటే 3,00,000 మీద మొదటి ఏడు 90,000, మిగిలిన 2,10,000 మీద రెండో ఏడు 63,000, ఆపైన 1,47,000 మీద 44,100. మొదట్లో గట్టిగా తగ్గి, తర్వాత నెమ్మదిస్తుంది, లెక్క ప్రకారం ఎప్పటికీ సున్నాకు చేరదు. కార్లు, కంప్యూటర్ల వంటివాటికి ఇదే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. వాడకాన్ని బట్టి, అంటే ఎన్ని గంటలు తిరిగింది, ఎన్ని కాపీలు తీసింది అని లెక్కించే పద్ధతి కూడా ఉంది. నిజానికి మాకు అది సరిపోయేది. మిషన్‌లోనే కౌంటర్ ఉండేది, మేమే దాని వంక చూడలేదు.

పన్ను కోసం ఏ పద్ధతి, ఎంత శాతం అన్నది మాత్రం మీ ఇష్టం కాదు, మీ దేశపు చట్టం చెబుతుంది. అందుకే ఒకే వస్తువుకు సొంత పుస్తకాల్లో ఒక అంకె, పన్ను కాగితాల్లో ఇంకో అంకె ఉండటం మామూలే, మోసం కాదు.

ఇక నా రెండో తప్పు. నాలుగో ఏడాది చివర్లో ప్రతి కాపీ మీదా అంచు నుంచి అంచుకి సన్నటి నల్ల గీత పడటం మొదలైంది. మెకానిక్ పక్క తలుపు తీసి, డ్రమ్ముని దీపానికి అడ్డంగా పట్టుకుని చూపించాడు. దాని మీద గోరుతో గీసినట్టు చార. కాగితాన్ని లాగే రోలర్లు వేలితో నొక్కితే రాయిలా ఉన్నాయి. కౌంటర్ చూస్తే ఎనిమిది లక్షలు దాటింది. బాగు చేయించడం దండగన్నాడు. నాకేం దిగులు లేదు, పుస్తకంలో సంచిత తరుగుదల అని, అంటే నాలుగేళ్ల తరుగుదల మొత్తం కలిపి, 1,80,000 కనిపిస్తోంది కదా. "అది తీసి కొత్తదానికి అడ్వాన్స్ కడదాం" అన్నాను. అకౌంటెంట్ నవ్వలేదు, అదే నయం. "అది ఏ బ్యాంకులో ఉంది?" అని అడిగాడు.

ఏ బ్యాంకులోనూ లేదు. తరుగుదల ఖాతాకు డెబిట్, సంచిత తరుగుదలకు క్రెడిట్ రాస్తే నగదు ఖాతా కదలదు. లాభం తక్కువ కనిపిస్తుంది కాబట్టి మనం తక్కువ పంచుకుంటాం, ఆ మేరకు డబ్బు వ్యాపారంలో ఆగుతుంది. ఆగిన డబ్బు ఎటు పోయిందన్నది వేరే కథ. మాది కాగితం స్టాకులోకీ, అరువు ఖాతాల్లోకీ పోయింది. పెద్ద కంపెనీల నగదు ప్రవాహ పట్టికలో లాభానికి తరుగుదలను తిరిగి కలపడం చూసే ఉంటారు. కారణం ఇదే, తరుగుదల రాసినా నగదు కదలదు. కలిపినంత మాత్రాన ఆ డబ్బు ఎక్కడో దాచి ఉందని కాదు.

పాత మిషన్‌ను 18,000కి ఇచ్చేశాం. పుస్తకంలో దాని విలువ అప్పటికి 1,20,000. తేడా 1,02,000 అమ్మకపు నష్టం కింద రాయాల్సి వచ్చింది. పుస్తక విలువ మార్కెట్ ధర కాదని నాకు తెలిసింది ఆ రోజున. ఆరేళ్లనుకున్న మా అంచనా తప్పు, పుస్తకం మేం చెప్పిందే నమ్మింది.

చాలామంది అడిగే రెండు సంగతులు. భూమికి మామూలుగా తరుగుదల రాయరు, దానికి ఆయుష్షు తీరడమనేది లేదు గనక. తరగని ఆస్తి అంటాం చూడండి, లెక్కల్లో దానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది భూమే. దాని మీది కట్టడానికి మాత్రం రాస్తారు. రెండోది, "బాగా చూసుకుంటున్నాం, తరుగుదల ఎందుకు?" అనడం చెల్లదు. ఐఏఎస్ 16 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మరమ్మతులు చేయిస్తున్నా, వస్తువు ఖాళీగా పడి ఉన్నా తరుగుదల ఆగదు. వాడకాన్ని బట్టి లెక్కించే పద్ధతిలో మాత్రం వాడని కాలానికి సున్నా రావచ్చు. పేటెంటు లాంటి చేతికి తగలని ఆస్తులకైతే ఇదే పనిని అమార్టైజేషన్ అంటారు.

వార్తల్లో వినపడే కరెన్సీ డిప్రిసియేషన్ మూడో అర్థం. మార్కెట్లో దానంతటది పడితే డిప్రిసియేషన్, ప్రభుత్వమే ప్రకటించి తగ్గిస్తే డీవాల్యుయేషన్. 1967 నవంబర్‌లో బ్రిటన్ తన పౌండును 2.80 డాలర్ల నుంచి 2.40కి తగ్గించింది, అది రెండోది. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటు పడగానే అదే పౌండు మార్కెట్లో కుప్పకూలింది, అది మొదటిది. ఇంగ్లీషులో డిప్రిసియేషన్ అనే మాటకు ఒకరిని తీసిపారేసి మాట్లాడటం అనే అర్థం కూడా ఉంది. మూలం లాటిన్‌లో వెల అనే అర్థమున్న ప్రెటియం. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇక వాడొద్దనుకున్న పాత ఫంక్షన్‌ను డిప్రికేటెడ్ అంటారే, అది వేరే మాట, ప్రార్థన అనే ధాతువు నుంచి వచ్చింది. దాన్ని డిప్రిషియేటెడ్ అని పలికేవాళ్లు నా చుట్టూ చాలామందే ఉన్నారు.

ఇక మీ ల్యాప్‌టాప్. సినిమాలు చూడటానికే అయితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అదే మోడల్ పాతది ఎంతకు అమ్ముడవుతోందో చూస్తే చాలు. దాని మీద సంపాదిస్తుంటే ఎన్నేళ్లు వాడతారో నిజాయితీగా అనుకోండి, తుక్కు విలువ తీసేసి ఆ ఏళ్లతో భాగించండి, ఆ వాటాను నెలనెలా వేరే ఖాతాలోకి మళ్లించండి. ఎంట్రీ రాయడం వేరు, మళ్లించడం వేరు. కొన్న బిల్లు మాత్రం పారేయకండి, పన్ను లెక్కకు తేదీ, ధర రెండూ కావాలి. మా మిషన్ బిల్లు వెతకడానికే నాకు రెండు రోజులు పట్టింది.