విజయ్ దివస్‌కి ఎవరి పేర్లు చెప్పాలి?

డిసెంబర్ దగ్గరపడితే మాకు పాకిస్థాన్‌తో జరిగిన 1971 యుద్ధం మీద ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి వాటినే తీసుకుంటున్నాం.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. డిసెంబర్ 16న విజయ్ దివస్ గురించి స్కూల్లో మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. ఇందిరా గాంధీ, అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా పేర్లు రాసిచ్చి ఆగిపోయాను. ఇంకెవరి గురించి చెప్పించాలి? వాడికంటే నాకే టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, విజయనగరం

జవాబు: టెన్షన్ వద్దమ్మా, ఆ రెండు పేర్లూ ఉండాల్సినవే. ముందు బాబుకి ఢాకా లొంగుబాటు ఫొటో చూపించండి. రమ్నా రేస్ కోర్సు మైదానంలో ఒక మామూలు టేబుల్, పాకిస్థాన్ జనరల్ నియాజీ వంగి సంతకం పెడుతుంటాడు, పక్క కుర్చీలో మన జనరల్ అరోరా. అందరం ఆ ఇద్దర్నే చూస్తాం. వాళ్ల వెనక నిలబడ్డవాళ్లలో వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఉంటారు, ఆ రోజుల్లో మీ పక్కనున్న విశాఖలో తూర్పు నౌకాదళానికి అధిపతి ఆయనే. మీ బాబు అక్కణ్ణుంచి మొదలుపెడితే క్లాసులో పిల్లలకి ఆ యుద్ధం ఎక్కడో జరిగినట్టు అనిపించదు.

తర్వాత అల్బర్ట్ ఎక్కా. రాంచీ వైపు ఆదివాసీ కుటుంబం, సైన్యంలో లాన్స్ నాయక్, అంటే చాలా చిన్న హోదా. అగర్తలా దగ్గర గంగాసాగర్‌లో శత్రువు మెషిన్ గన్ తన తోటివాళ్లని లేవనివ్వకుండా కాలుస్తుంటే ఒంటి నిండా గాయాలతోనే దాని మీదికి వెళ్లి నోరు మూయించాడు, అక్కడే ప్రాణం వదిలాడు. ఆ యుద్ధంలో ఇచ్చిన నాలుగు పరమవీర చక్రాల్లో ఒకటి అతనిది.

ఇంకొకటి అరుణ్ ఖేతర్‌పాల్‌ది. వయసు 21. పశ్చిమాన బసంతర్ దగ్గర, ట్యాంకుకి నిప్పంటుకుంది దిగిపొమ్మని పైనుంచి ఆర్డర్ వస్తే, గన్ ఇంకా పనిచేస్తోందని దిగలేదు. అతను చనిపోయింది సరిగ్గా డిసెంబర్ 16నే! తూర్పున ఢాకా సంతకాలు అయిపోయినా పశ్చిమాన కాల్పులు ఆగింది మర్నాడు రాత్రి 8 గంటలకి. ఈ సంగతి బాబు చేత తప్పకుండా చెప్పించండి, ఎందుకంటే మనం పండగ చేసుకునే తేదీనే ఒక ఇంట్లో తద్దినం కూడా.

తూర్పు పాకిస్థాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) విముక్తి కోసం పోరాడిన ముక్తి బాహినిని వదిలేయకండి. మనకి 13 రోజుల యుద్ధం గానీ, ఆ బెంగాలీ కుర్రాళ్లు మార్చి నెలాఖరు నుంచీ పోరాడుతూనే ఉన్నారు. బంగ్లాదేశ్‌లోనూ అదే రోజు విజయ దినం.

ప్రశ్న: డిసెంబర్ 4 అంటారు, 16 అంటారు. రెండూ ఎందుకు?
– ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: 16 లొంగుబాటు రోజు. 4 నేవీ డే, ఆ రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ దగ్గరికి వెళ్లి దాడి చేసినందుకు. అంతే.

ప్రశ్న: పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీ మా తీరం దగ్గర మునిగిన రాత్రి పెద్ద చప్పుడుకి ఇంటి తలుపులు అదిరాయని మా తాతగారు చెప్పేవారు. ఘాజీని నిజంగా మనమే ముంచామా? దానంతటదే పేలిపోయిందని మా ఫ్రెండ్ వాదిస్తున్నాడు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నేవీ చెబుతుంది. లోపలే ఏదో పేలిందనో, అది పరిచిన మైన్లే దాన్ని ముంచాయనో పాకిస్థాన్ చెబుతుంది. ఈ వాదన ఇప్పట్లో తెగదు. నన్నడిగితే, అసలు గెలుపు ఆ పేలుడుకి ముందే జరిగిపోయింది.

ఘాజీ వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఒక బాయిలర్ పాడై విక్రాంత్ వేగంగా పోలేని స్థితిలో ఉంది. కృష్ణన్ దాన్ని ఎవరికీ తెలియకుండా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉన్నట్టు నాటకం నడిపించారు. పాత ఓడ రాజ్‌పుత్ చేత విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపించారు, అంత పెద్ద ఓడకి సరిపడా సరుకులు ఊళ్లో ఆర్డర్ ఇప్పించారు, మాట బయటికి పొక్కాలని. ఘాజీ నమ్మి వచ్చింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి మీ తాతగారు విన్నది దాని ఆఖరి చప్పుడే అయ్యుండాలి. 4వ తేదీ నుంచే విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడులు మొదలుపెట్టాయి.

ఘాజీలో 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. మన నేవీ దాన్ని పైకి తీయకుండా మీ తీరానికి కాస్త దూరంలో అలాగే వదిలేసింది, ఆ పని నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. సముద్రం మన దగ్గరా తీసుకుంది కదండీ. డిసెంబర్ 9న డయ్యూ దగ్గర ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఇంకొకరికి ఇచ్చేసి ఓడతోనే వెళ్లిపోయారు. గెలిచిన యుద్ధంలో మునిగిన ఓడ కాబట్టి దాన్ని కొంచెం తక్కువగా తలుచుకుంటాం, నాకు అదే బాధ.

ప్రశ్న: 93 వేల మంది పాకిస్థాన్ వాళ్లని పట్టుకుని ఊరికే వదిలేశాం. ఇది గెలిచి ఓడినట్టు కాదా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ ఆవేదన అర్థమవుతుంది గానీ నేను ఒప్పుకోలేను సార్. ఆ 93 వేలలో అందరూ సైనికులు కారు, సివిల్ ఉద్యోగులు, కుటుంబాలు కూడా ఉన్నాయి. యుద్ధఖైదీల్ని యుద్ధం ముగిశాక పంపించెయ్యాలన్నది మనం సంతకం పెట్టిన జెనీవా ఒప్పందం. అయినా వెంటనే పంపలేదు, 1972 సిమ్లా ఒప్పందం తర్వాత కూడా ఏడాది దాటింది, 1973 ఆగస్టులో ఢిల్లీ ఒప్పందం అయ్యాకే రైళ్లు కదిలాయి. నియాజీ వాఘా దాటింది 1974 ఏప్రిల్ 30న. అప్పటిదాకా వాళ్లకి తిండి పెట్టి, వైద్యం చేయించి, ఉత్తరాలు రాసుకోనిచ్చాం. సిమ్లాలో ఇంకా గట్టిగా బేరం చేసుండాల్సింది అంటే వినొచ్చు. ఖైదీల విషయంలో మాత్రం మన సైన్యం చేసింది నాకు ఢాకా సంతకం అంత గొప్పగానే కనిపిస్తుంది.

ప్రశ్న: సెలవులకి పిల్లలతో వైజాగ్ వెళ్తున్నాం. దీనికి సంబంధించి ఏం చూపించాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉంది, ముందు అక్కడ ఆగండి. తర్వాత కుర్సురా. ఆ యుద్ధంలో పనిచేసిన సబ్‌మెరైన్ అది, 2002 నుంచి మ్యూజియం. లోపల గది నుంచి గదికి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప తలుపుల్లోంచి ఒక కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. మావాడు మొదటి తలుపుకే నుదురు కొట్టుకున్నాడు. ఒకదాని మీద ఒకటి ఇరికించిన పడకలు చూసి, వీటి మీద ఎన్ని రోజులు పడుకునేవారని గైడుని అడిగాడు. అక్కడ గైడ్లు నేవీలో రిటైరైనవాళ్లు, ఎంతసేపైనా ఓపిగ్గా చెబుతారు. హడావుడిగా ఫొటోలు తీసుకుని బయటపడకుండా పిల్లల చేత అడిగించండి. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు సెలవు.