కౌన్సెలింగ్ ఫైలు అబ్బాయి చేతికే ఇవ్వండి

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి నుంచి విజయవాడ హాస్టల్లోనే ఉండి చదువుకుంటున్నాడు. ఇప్పుడు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. మార్కులకు ఢోకా లేదు. కానీ బ్యాంకులో స్లిప్పు రాయడం రాదు, కుక్కర్ పెట్టడం రాదు. బీటెక్‌లో గది తీసుకుని ఉండాల్సొస్తే ఎలా? లైఫ్ స్కిల్స్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కోర్సు అక్కర్లేదమ్మా. ఈఏపీసెట్ అయ్యేదాకా చదువు మీదే ఉండనివ్వండి. ర్యాంకు లేకపోతే మంచి సీటు రాదు, అందులో రెండో మాట లేదు. పరీక్ష రాశాక కాలేజీ తెరిచేలోపు దొరికే వారాలు వీటికి సరిపోతాయి.

మీరు బ్యాంకు, వంట గురించి అడిగారు. నాకు అంతకంటే పెద్ద లోటుగా కనిపించేది వేరే ఉంది. ఇన్నేళ్లూ గంట కొడితే లేచాడు, స్టడీ అవర్ అంటే కూర్చున్నాడు. ఇంజనీరింగ్‌లో లేపేవాళ్లుండరు. జేఎన్‌టీయూ కాకినాడ నిబంధనల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65 కంటే తగ్గితే ఫైను కట్టినా పరీక్ష రాయనివ్వరు, సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. అందుకే ఇంటికొచ్చినప్పుడు మీరు లేపకండి. అలారం అతనే పెట్టుకోవాలి.

ఇక అసలు పాఠం కాలేజీ సీట్లు కేటాయించే కౌన్సెలింగే. చాలా ఇళ్లలో నాన్న ఫైలు పట్టుకుని తిరుగుతుంటే పిల్లాడు పక్కన నిలబడి ఫోన్ చూస్తుంటాడు. టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, వర్తిస్తే కుల, ఆదాయ ధ్రువపత్రాలు: ఈ జాబితా అతనే రాసుకోవాలి, ధ్రువపత్రాలకు వార్డు సచివాలయానికి అతనే వెళ్లాలి. బళ్లు మారి ఉంటే స్టడీ సర్టిఫికెట్లు సెలవులకు ముందే తెచ్చుకోవడం మంచిది, వేసవిలో బడి ఆఫీసులో మనిషి దొరకడు. ఎక్కువమంది చిక్కుకునేది పేరు దగ్గర. మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. మెమోలో ఉన్నట్టే ఆధార్ మార్పించండి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టడం, నెట్ సెంటర్ వాళ్లకు వదిలేయకండి. ర్యాంకుకు అందే వాటిలో పైన పెట్టిన ఆప్షనే వస్తుంది కాబట్టి వరుస చాలా ముఖ్యం. పాస్‌వర్డ్, ఓటీపీ అబ్బాయి దగ్గరే ఉండాలి.

18 నిండగానే మైనర్ ఖాతాకు మళ్లీ కేవైసీ ఇచ్చి, తన సంతకం నమోదు చేయించుకోవాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చెప్పండి. ఖర్చులకు మొదట్లో వారానికోసారి వేయండి, నెలకోసారి తర్వాత చూసుకోవచ్చు. మధ్యలో అయిపోయిందంటే మాత్రం వెయ్యకండి.

వంటకు అన్నం, పప్పు, ఒక వేపుడు చాలు. పాత బియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసుల పైచిలుకు నీళ్లు. కొత్త బియ్యానికీ అంతే పోస్తే ముద్దవుతుంది. విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి పోతుంటే గాస్కెట్ చూడమనండి. వారానికి రెండు పూటలు వంటిల్లు అతనికి వదిలేసి మీరు బయటికి వెళ్లండి. పక్కనే ఉంటే గరిటె మీ చేతికే వస్తుంది.