హైదరాబాద్‌లో ‘మస్తున్నవ్’ అంటే అర్థం ఏమిటి, ఆ మాట ఎక్కడిది?

కొత్తగా హైదరాబాద్ వచ్చిన మీతో ఆఫీసులో ఎవరో ‘ఇయ్యాల మస్తున్నవ్’ అన్నారనీ, అది మెచ్చుకోలో వెక్కిరింతో తెలియలేదనీ అడిగారు. మెచ్చుకోలేనండీ, టెన్షన్ వద్దు. చాలా బాగున్నారని అర్థం.

మాది గుంటూరు. ఉద్యోగానికి వచ్చి బర్కత్‌పురలో అద్దెకు దిగిన కొత్తలో ఈ మాట ఎక్కువగా విన్నది మా ఓనరు ఆంటీ నోట. పెళ్లికి వెళ్లొస్తే ‘పిలగాడు మస్తున్నడు, పిల్ల ఇంకా మస్తున్నది’ అనేవారు. ఆవిడే ‘మస్తు మంది వచ్చిండ్రు’, ‘మస్తు ఆకలైతుంది’ అని కూడా అనేవారు. ఎక్కువ అని చెప్పాలన్నా అదే, అందంగా ఉన్నారని చెప్పాలన్నా అదే. ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేదు. పట్టుచీర కట్టుకున్న అమ్మమ్మతో కూడా అనొచ్చు.

మూలం పారసీ. అక్కడ ‘మస్త్’ అంటే తాగి మత్తులో ఉన్నవాడు. కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఇక్కడి దర్బారులో పారసీకి పెద్దపీట. నిజాం పాలనలో 1880ల్లో ఆ చోటు ఉర్దూకి దక్కింది. అయితే తెలుగువాళ్ల నోటికి ఈ మాట దర్బారు కాగితాల నుంచి కాదు, బజారులో, వాడల్లో పక్కపక్కనే వినిపించే దక్కనీ (ఇక్కడి ఉర్దూ యాస) నుంచి వచ్చిందని నా నమ్మకం. మత్తులో ఉన్నవాడు కాస్తా ఆనందంలో తేలేవాడయ్యాడు, తర్వాత చూసేవాళ్లకు మత్తెక్కించేంత బాగున్నవాళ్లకూ ఆ మాటే వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చే సంగతి వేరే ఉంది. మన పద్యాల్లో ‘మత్తేభం’ ఉంది కదా, మదమెక్కిన ఏనుగు. అందులోని సంస్కృత ‘మత్త’, పారసీ ‘మస్త్’ ఒకే ధాతువు బిడ్డలు. సంస్కృతంలో ‘త్త’ అయినది ఇరాన్ వైపు ‘స్త’ అయింది. ఉర్దూలో మదపుటేనుగును ‘మస్త్ హాథీ’ అనే అంటారు. మనం రోజూ వాడే ‘మత్తు’ కూడా ఈ కుటుంబానిదే. అందుకే ఎవరైనా ‘మస్త్’ను మనది కాని మాటగా తీసిపారేస్తే నాకు కష్టంగా ఉంటుంది. మా గుంటూరు, నెల్లూరు వైపు హిందువుల ఇళ్లలో కూడా మస్తాన్‌రావులు, మస్తానయ్యలు ఉంటారు. దైవధ్యానంలో ఒళ్లు మరిచిన ఫకీరును మస్తాన్ అనడం నుంచి వచ్చిన పేర్లవి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ‘ఫిగర్’, ‘ఐటమ్’ లాంటి మాటలతో దీన్ని కలపొద్దు. అవి మనిషిని వస్తువుగా చూసే మాటలు, ఎదురుగా అనలేం. ‘మస్త్’ ముఖం మీదే అనగలిగే మాట. అలాగని రోడ్డు మీద తెలియని అమ్మాయిని చూసి అరిస్తే అది వేధింపే.

మీరూ వాడదలిస్తే స్నేహితులతో ‘మస్తున్నవ్’ అనండి, పెద్దవాళ్లతో ‘మస్తున్నరు’ అనండి.