రిపోర్టు వచ్చేసిందిగా, ఇంకా శిక్ష ఎందుకు ఆపారు?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మా అమ్మాయి ఫిలడెల్ఫియా దగ్గర ఉంటుంది. 2012లో అక్కడి కింగ్ ఆఫ్ ప్రష్యాలో మన తెలుగువాళ్ల ఇంట్లో పసిపాపనీ, నాయనమ్మనీ చంపినవాడికి 2014లో మరణశిక్ష పడింది. వాడూ తెలుగువాడే. 2018 ఫిబ్రవరి 23న అమలు అని టీవీల్లో చెప్పారు, కానీ జరగలేదు. గవర్నరు ఏదో అధ్యయనం అయ్యేదాకా ఆపేశారట. ఆ రిపోర్టు కూడా 2018లోనే వచ్చిందట. మరి శిక్ష రద్దయినట్టా? కోర్టు వేసిన శిక్షను ఒక్క మనిషి ఎలా ఆపుతాడు? మన దగ్గర ఇలా కుదురుతుందా? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, శిక్ష రద్దు కాలేదు, తగ్గనూ లేదు. కోర్టు వేసిన మరణశిక్ష అలాగే ఉంది, దాని అమలు మాత్రమే ఆగింది. మీ సందేహమంతా ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది, అందులో మీ తప్పేం లేదు, ఆ రోజుల్లో మన వార్తల్లోనూ రెండూ కలిపేసే చెప్పారు.

ఆ తేదీ ఎలా వచ్చిందో చెప్తాను. ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టం ప్రకారం కేసు రికార్డు గవర్నరు ఆఫీసుకు చేరాక 90 రోజుల్లో ఆయన డెత్ వారెంట్ (శిక్ష అమలు చేయమనే ఆదేశం) మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఊరుకోరు, జైళ్ల శాఖ కార్యదర్శి ఇంకో 30 రోజుల్లో తనే నోటీసు ఇవ్వాలి, 60 రోజులు దాటకుండా ఒక తేదీ వేయాలి. ఆయనకు వేరే దారి లేదు, చట్టం అలా ఉంది. అంటే అమలు కాదని అందరికీ తెలిసి కూడా కాగితం మీద తేదీ పడుతుంది, తర్వాత కోర్టు స్టే ఇస్తుంది, లేదా గవర్నరు వాయిదా ఇస్తారు. మనకు మాత్రం 'మరణశిక్ష ఖరారు' అని స్క్రోలింగ్ వస్తుంది. బిడ్డనీ తల్లినీ పోగొట్టుకున్న ఆ ఇంటివాళ్లు ఆ తేదీని టీవీలో చూసి ఎంత నలిగిపోయి ఉంటారో, తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ పద్ధతిలో మార్చాల్సినవాటిలో ఇది మొదటిదని నా అభిప్రాయం.

ఇక ఒక్క మనిషి ఎలా ఆపాడు అన్నది. 2015 ఫిబ్రవరి 13న అప్పటి గవర్నరు టామ్ వుల్ఫ్, ఇకమీదట అమలు తేదీ వచ్చిన ప్రతి కేసులోనూ వాయిదా ఇస్తానని ప్రకటించారు. ఆ రాష్ట్ర రాజ్యాంగం గవర్నరుకు మూడు రకాల అధికారాలు ఇచ్చింది. క్షమాభిక్ష పెట్టడం, శిక్ష తగ్గించడం, అమలును వాయిదా వేయడం. మొదటి రెండూ ఆయన సొంతంగా చేయలేరు, ఐదుగురు సభ్యుల క్షమాభిక్ష బోర్డు సిఫార్సు చేయాలి, మరణశిక్ష కేసుల్లో అయితే ఐదుగురూ ఒకే మాట మీద ఉండాలి. వాయిదాకి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. వుల్ఫ్ వాడుకున్నది అదే. ఫిలడెల్ఫియా ప్రాసిక్యూటరు వెంటనే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాయిదా అంటే ఫలానా కారణానికి ఫలానా రోజుదాకా ఉండాలి, ఇలా గడువు లేకుండా అందరికీ ఇచ్చుకుంటూ పోతే చట్టాన్నే పక్కన పెట్టినట్టు కాదా అని వాదించారు. వాదనలో బలం ఉంది, నేను ఆ పక్షాన ఉన్నా అదే వాదించేవాణ్ని. అయినా 2015 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు గవర్నరు వైపే తీర్పిచ్చింది, వాయిదాకి గడువు తేదీ ఉండి తీరాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదంది.

రిపోర్టు వచ్చేసింది కదా అన్న మీ ప్రశ్నకు జవాబు వుల్ఫ్ ఆనాడు రాసిన మాటల్లోనే ఉంది. రిపోర్టు వచ్చేదాకా అని మాత్రమే ఆయన రాయలేదు, అందులో చెప్పిన లోపాలను సరిచేసేదాకా అని కూడా రాశారు. ఆ రాష్ట్రంలో మరణశిక్ష ఎలా నడుస్తోందన్న ఆ అధ్యయనాన్ని రాష్ట్ర సెనేట్ 2011లోనే అడిగింది, చేతికి వచ్చింది 2018 జూన్‌లో, అంటే దాదాపు ఏడేళ్లు పట్టింది. కేసు ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) నడిచిందన్నదాన్ని బట్టి శిక్ష మారుతోందని అందులో తేలింది, లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల కోసం రాష్ట్రం డబ్బుతో ప్రత్యేక డిఫెన్స్ ఆఫీసు పెట్టమని సిఫార్సు చేశారు. నా వృత్తి అనుభవంతో చెప్తున్నాను, చావుబతుకుల కేసులో చేతకాని లాయరు దొరకడం కన్నా పెద్ద అన్యాయం లేదు.

2023 ఫిబ్రవరిలో కొత్త గవర్నరు జోష్ షపీరో ఇంకో అడుగు వేశారు. ఒక్క వారెంట్ మీద కూడా సంతకం పెట్టను, శిక్షనే రద్దు చేయండి అని శాసనసభను కోరారు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇదంతా ఆ కుర్చీలో ఉన్న మనిషి మీదే ఆధారపడింది. రేపు వచ్చే గవర్నరు వాయిదా ఇవ్వనంటే పాత శిక్షలన్నీ మళ్లీ కదులుతాయి. ఇంకొకటి, ఫెడరల్ కోర్టు, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ కోర్టు, వేసిన శిక్షకు రాష్ట్ర గవర్నరు వాయిదా వర్తించదు. 2023లో పిట్స్‌బర్గ్ యూదుల ప్రార్థనా మందిరం కేసులో పడిన మరణశిక్ష అలాంటిదే. అదే రాష్ట్రంలో జరిగిన నేరమైనా గవర్నరుకు అందులో పని లేదు.

ఇలా ఆపడం వల్ల ఒరిగిందేంటని కొందరు అడుగుతారు. ఇంకో అమెరికా రాష్ట్రం ఇల్లినాయ్ చూడండి. 1977 తర్వాత అక్కడ 12 మందికి శిక్ష అమలైతే, 13 మంది పొరపాటున శిక్ష పడినవాళ్లని తేలి బయటికి వచ్చారు. వాళ్లలో ఒకాయనకు 1998లో ఇంకో 48 గంటల్లో అమలు ఉండగా ఆగింది. ఎందుకు ఆగిందో తెలుసా? నిర్దోషి అని కాదు, తనకు ఎందుకు శిక్ష వేస్తున్నారో అర్థం చేసుకునే తెలివి ఆయనకు ఉందా లేదా అని పరీక్ష చేయడానికి. ఆ దొరికిన నాలుగు నెలల్లోనే జర్నలిజం విద్యార్థులు కొందరు సాక్షుల్ని మళ్లీ కలిసి మాట్లాడితే కేసు కుప్పకూలింది, 1999లో ఆయన విడుదలయ్యారు. మరణశిక్షను సమర్థించిన జార్జ్ ర్యాన్ అనే గవర్నరే 2000 జనవరిలో అన్నీ ఆపి కమిషన్ వేశారు. అది 2002లో 85 సిఫార్సులు ఇచ్చింది. 2003లో పదవి దిగబోయే ముందు ఆయన 167 మంది శిక్షలు తగ్గించారు. అక్కడి గవర్నరుకు బోర్డు అడ్డం లేదు, అందుకే కుదిరింది. 2011లో శిక్షనే తీసేశారు.

మన సంగతికి వస్తే, రాజ్యాంగం 161వ అధికరణం కింద ఆంధ్ర, తెలంగాణ గవర్నర్లకు శిక్ష అమలు ఆపే అధికారం ఉంది, 72 కింద రాష్ట్రపతికీ ఉంది. కానీ సొంతంగా కాదు, మంత్రివర్గం సలహా ప్రకారమే అని సుప్రీంకోర్టు 1980లో మారూరామ్ కేసులో తేల్చింది. అందుకని మన దగ్గర ఒక్కో పిటిషన్ మీద విడిగానే నడుస్తుంది. చిలకలూరిపేట బస్సు దహనం కేసు మీకు గుర్తుండే ఉంటుంది, 1993లో 23 మంది కాలిపోయారు. ఆ కేసులో ఉరి పడిన ఇద్దరి క్షమాభిక్షను ఒక రాష్ట్రపతి తిరస్కరిస్తే, తర్వాత వచ్చిన కె.ఆర్.నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఈలోగా ఉరి ఆగి ఉండకపోతే మార్చడానికి మనుషులే ఉండేవారు కాదు.

అధ్యయనం జరుగుతుంటే అమలు ఆపాలన్న నియమం మాత్రం మనకు లేదు. 2015లో జస్టిస్ ఎ.పి.షా నాయకత్వంలో లా కమిషన్ ఈ శిక్ష మీదే రిపోర్టు రాస్తోంది. అది పూర్తి కాకముందే, 1993 ముంబై పేలుళ్ల కేసులో శిక్ష పడిన యాకూబ్ మెమన్‌ను నాగపూర్ జైల్లో జులై 30న ఉరి తీశారు. ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం చేసిన కేసుల్లో తప్ప మిగతావాటిలో మరణశిక్ష తీసేయమన్న ఆ రిపోర్టు ఆగస్టు 31న వచ్చింది. మెమన్‌ది ఉగ్రవాద కేసే, ఆ సిఫార్సు ఆయనకు వర్తించేది కాదు, అది నాకు తెలుసు. అయినా ఇంకో నెల ఆగలేకపోయామే అన్న బాధ మాత్రం నాకు పోలేదు.

మీరు అడిగిన కేసులో ఆ పాపకు జరిగింది చదివితే ఎవరికైనా రక్తం మరుగుతుంది, నాకూ అంతే. ఇక్కడ ఆగింది మాత్రం ఆ ఒక్కడి మీద దయతో కాదు, ఆ రాష్ట్రంలో వరసలో ఉన్న అందరికీ ఆగింది. వాడు బయటికి వచ్చేస్తాడని మీ అమ్మాయి భయపడుతుంటే, వాయిదా అంటే విడుదల కాదని, దాని వల్ల ఎవరూ జైలు గేటు దాటరని చెప్పండి.