పళ్ల పాచిని ఫోటోలో కొలిచే పని: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. మా అమ్మాయి బీడీఎస్ నాలుగో సంవత్సరం. పళ్ల మీద పాచికి రంగు పూసి, ఫోటో తీసి, కంప్యూటర్లో కొలవడం గురించే ఈమధ్య ఎప్పుడూ మాట్లాడుతోంది. ఎండీఎస్ ప్రిపరేషన్ మానేసి ఆరు నెలల ఏఐ కోర్సులో చేరతానంటోంది. ఇందులో బతుకుతెరువు ఉందా?

జవాబు: నమస్కారమండీ. మీ అమ్మాయి పట్టుకున్న విషయం చాలా మంచిది. ఎండీఎస్ మానేస్తాననడమే నాకు నచ్చలేదు.

మీ యార్డు లెక్కలోనే చెబుతాను. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, రంగు చూసి మీరొక మాట చెబుతారు. అదే సరుకుకి పక్క కొట్టాయన ఇంకో మాట చెబుతారు. ఎగుమతి చేసేవాళ్లకి ఆ మాట చాలదు. ల్యాబ్‌కి పంపి మిర్చి రంగు కొలిచే ఆస్టా అంకె ఎంతొచ్చిందని అడుగుతారు. పాచి విషయంలోనూ అలాంటి అంకె కావాల్సి వచ్చింది.

పాచి కంటికి సరిగా ఆనదు. ఎరిత్రోసిన్ లాంటి ఎర్ర రంగు పూస్తే బయటపడుతుంది. డాక్టరు చూసి పంటికి 0 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. 1962లో క్విగ్లీ, హైన్ చెప్పిన ఈ పద్ధతిని 1970లో టురెస్కీ బృందం సవరించింది. టూత్‌పేస్టులు, బ్రష్షుల పరీక్షల్లో ఇప్పటికీ వాడుతున్నారు. ఇందులో పంటి మీద మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల లోపు పాచి ఉంటే మార్కు 4. అంటే పాచి 60 శాతం నుంచి 35 శాతానికి దిగినా మార్కు కదలదు. ఫోటోలో అయితే పాచి ఉన్న పిక్సెళ్లను పంటి మొత్తం పిక్సెళ్లతో భాగించి శాతం కడతారు. ఆ తగ్గుదల అక్కడ దొరుకుతుంది.

కష్టమంతా ఏది పాచో కంప్యూటర్‌కి నేర్పడంలోనే ఉంది. ఎర్ర రంగు పూస్తే పాచీ ఎరుపే, పక్కనున్న చిగురూ ఎరుపే. అందుకే కొన్ని పరిశోధనల్లో ఫ్లోరెసిన్ అనే మెరిసే రంగు పుక్కిలించి, అతినీలలోహిత కాంతిలో ఫోటో తీస్తారు. పాచి పసుపుపచ్చగా మెరుస్తుంది. ఉమ్మి తడి మీద ఫ్లాష్ పడితే తెల్ల మచ్చ వస్తుంది. తల కాస్త వంగినా పంటి విస్తీర్ణం మారిపోతుంది. నాలుక వైపు పాచి, పళ్ల సందుల్లోది ముందునుంచి తీసిన ఫోటోకి అందవు. పైగా ఫోటో కొలిచేది ఎంత మేర పట్టిందన్నదే, మందం ఎంతన్నది తెలియదు. ఆస్టా అంకె రంగు చెబుతుంది గానీ ఘాటు చెప్పదు కదా, అలాగన్నమాట. చిగురు అంచున మందం చూడాలంటే ప్రోబ్ అనే సన్నటి పరికరం ఆనించి, సిల్నెస్, లో అనే ఇద్దరు 1964లో చెప్పిన పద్ధతిలో మార్కు వేస్తారు.

ఇవన్నీ వందల నోళ్లు చూస్తే తప్ప తెలియవు. అమరావతి, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల నుంచి ఏఐ చదివిన ఇంజనీర్లు ఏటా వస్తూనే ఉన్నారు. ఆరు నెలల సర్టిఫికెట్‌తో మీ అమ్మాయి వాళ్లతో పోటీ పడలేదు. పాచి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గీసి చూపగల డాక్టరు మాత్రం ఆ ఇంజనీర్లకే కావాలి.

ఇక బతుకుతెరువు. పాచి కొలవడమే ఉద్యోగంగా మన ఊళ్లలో దొరుకుతుందని నేను చెప్పను. డెంటల్ కాలేజీల్లో బోధన, పరిశోధన, టూత్‌పేస్టు కంపెనీల క్లినికల్ ట్రయల్స్, దంత పరికరాల తయారీ, ఇవీ ఈ పని అక్కరకొచ్చే చోట్లు. వీటిలో ఎదగాలంటే ఎండీఎస్ ఉండాలి. కాబట్టి నీట్ ఎండీఎస్ చదువు ఆపనివ్వకండి. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ గానీ పీరియోడాంటిక్స్ (చిగుళ్ల వైద్యం) గానీ తీసుకుంటే ఆ మూడేళ్లలో ఇదే థీసిస్ చేసుకోవచ్చు. పబ్లిక్ హెల్త్‌కి ఆర్థోడాంటిక్స్ (పళ్ల వరస సరిచేసే బ్రాంచి) అంత గిరాకీ లేదని చుట్టాలు తక్కువ చేసి మాట్లాడతారు. మీరు ఆ మాటలు ఇంట్లోకి రానివ్వకండి, అమ్మాయికి ఇష్టమైన పని ఆ బ్రాంచిలోనూ ఉంది.

కోర్సు ఫీజు కట్టకండి. ఇమేజ్‌జె అనే, ఫోటోలు కొలిచే కంప్యూటర్ ప్రోగ్రాము ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. హౌస్ సర్జన్సీలో ఒక గైడ్‌ని ఒప్పించి, ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంట్ల సమ్మతి తీసుకుని చిన్న పని చేయమనండి. 20 మంది ముందు పళ్లకు రంగు పూసి, కాసేపటి తేడాతో రెండేసి ఫోటోలు తీయాలి. లెన్సు, దూరం, వెలుతురు మారకూడదు. రెండు శాతాలూ ఎంత దగ్గరగా వచ్చాయో చూడాలి. వారం తర్వాత పాత అంకెలు చూడకుండా అవే ఫోటోలను మళ్లీ కొలవాలి. పైథాన్ అనే కంప్యూటర్ భాష ఆ తర్వాత నేర్చుకోవచ్చు.

అంకెలు కుదరకపోతే ముందుగా కెమెరా స్టాండూ, పెదవులు లాగిపట్టే రిట్రాక్టరూ సరిచూసుకోమనండి. ఆ ఫలితాల కాగితాలతో అమ్మాయిని వెంటబెట్టుకుని రండి, ఏ బ్రాంచి అన్నది అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.