ఎవరు ఎవరిని చూడగలుగుతున్నారు: లైకులకూ జీతాలకూ ఉన్న సంబంధం

మీరు రెండు విషయాలు అడిగారు. ఆన్‌లైన్ నెట్‌వర్కులలో కొన్ని పోస్టులు మాత్రమే అందనంత ఎత్తుకు వెళ్లడానికీ, ఆఫీసులో ఇన్సెంటివ్ పెట్టిన కొద్ది రోజులకే అందరి పనీ దాదాపు ఒకే అంకె దగ్గర నిలిచిపోవడానికీ సంబంధమేమైనా ఉందా అన్నది మొదటిది. మీ సంస్థ తలపెట్టిన ర్యాంకుల వారీ బోనస్ నిజంగా పనిని పెంచుతుందా అన్నది రెండవది. నేను జీతాల విధానాలు రూపొందించే విభాగంలో చాలాకాలం పనిచేశాను. అంతకుముందు ఒక పెద్ద ఆన్‌లైన్ సహాయ బృందానికి మోడరేటరుగా ఉన్నాను. ఆ రెండు చోట్ల చూసినదాన్ని బట్టి నా అభిప్రాయం చెబుతాను. సంబంధం ఉంది. బహుమతి ఎంత అన్నదానికంటే, ఎవరి పని ఎవరికి కనబడుతోంది అన్నదే రెండు చోట్లా ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

దీనిని గొర్రెదాటు అని కొట్టిపారేస్తే అసలు విషయం చేజారిపోతుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో ఒక సరళమైన లెక్క చూపించారు. వంద మంది ఉన్నారనుకోండి. మొదటివారు ఎవరూ ముందుకు రాకపోయినా కదులుతారు, రెండవవారు ఒకరు కదిలితే కదులుతారు, మూడవవారు ఇద్దరు కదిలితే కదులుతారు. ఇలా చివరిదాకా వెళితే వంద మందీ కదులుతారు. ఇప్పుడు ఆ రెండవవారి స్థానంలో, ఇద్దరు కదిలితే తప్ప కదలని మరొకరిని ఉంచండి. మొదటివారు ఒక్కరే మిగిలిపోతారు. సగటు మనస్తత్వం దాదాపు ఏమీ మారలేదు, ఫలితం మాత్రం తలకిందులైంది. అందువల్ల ఒక బృందం ఎలా ప్రవర్తిస్తుందో దానిలోని మనుషులను విడివిడిగా పరిశీలించి చెప్పలేము. ఉద్యోగుల అభిప్రాయ సేకరణలను నమ్ముకుని జీతాల పథకాలు తయారుచేసేవారు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు.

ఆన్‌లైన్ విషయంలో దీనికి మంచి ఆధారాలున్నాయి. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు పద్నాలుగు వేలకు పైగా మనుషులకు పెద్దగా పేరులేని బృందాల 48 పాటలు వినిపించారు. కొందరికి డౌన్‌లోడ్ల సంఖ్య కనబడకుండా చేశారు. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు సమూహాలుగా విడదీసి, ఎవరి సమూహంలోని సంఖ్య వారికే కనబడేలా చేశారు. సంఖ్య కనబడిన చోట పాటల మధ్య అంతరం పెరిగింది. అంతకంటే ముఖ్యంగా, ఒక సమూహంలో అగ్రస్థానానికి వెళ్లిన పాటే మరొక సమూహంలోనూ గెలుస్తుందన్న నమ్మకం లేకుండా పోయింది. చాలా మంచి పాటలు అరుదుగానే వెనుకబడ్డాయి, చాలా నాసిరకం పాటలు అరుదుగానే గెలిచాయి, నడుమనున్న వాటికి ఏమైనా జరగవచ్చు. 2013లో ముచ్నిక్, ఆరల్, టేలర్ ఒక వార్తల సైటులో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. వ్యాఖ్య వచ్చిన వెంటనే పరిశోధకులు వేసిన ఒకే ఒక్క అనుకూల ఓటు వల్ల దాని తుది స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ప్రతికూల ఓటు వేసినప్పుడు మాత్రం మిగతావారు దానిని సరిదిద్దారు. అకారణమైన పొగడ్తను సరిదిద్దాలని ఎవరికీ అనిపించదు కాబోలు. నేను మోడరేటరుగా ఉన్న చోట సమాధానాలకు తొలి గంటలలో ఓట్ల సంఖ్య చూపడం మానేసిన తరువాత, ఆలస్యంగా వచ్చినా శ్రద్ధగా రాసిన సమాధానాలు పైకి రావడం కనబడేంతగా పెరిగింది.

జీతాల దగ్గర ఇలా ఒకరి పని మరొకరికి కనబడటం ఎక్కువగా వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. అక్కడ పైకి పోయేవారిని కిందికి లాగుతుంది. అమెరికాలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హాథార్న్ కర్మాగారంలో 1931–32లో పద్నాలుగు మంది కార్మికులను ఒకే గదిలో ఉంచి గమనించారు. వారికి బృందం మొత్తం ఉత్పత్తిని బట్టి కూలి లెక్కగట్టేవారు. అటువంటప్పుడు ఒకరినొకరు తొందరపెట్టుకుంటారని ఎవరైనా ఊహిస్తారు. వాస్తవానికి వారు రోజుకు ఇంత పని చాలునన్న కట్టుబాటును తమలో తామే ఏర్పరచుకున్నారు. దానిని మించి చేసినవారిని ఎగతాళి చేసేవారు, భుజం మీద గుద్దేవారు. బాగా తగ్గించి చేసినవారినీ ఊరుకోలేదు. ఉత్పత్తి పెరిగితే యాజమాన్యం రేటు తగ్గిస్తుందన్న భయం ఆ కట్టుబాటుకు ఒక ముఖ్య కారణం. ఆ భయం అర్థంలేనిదని నేను అనుకోను, ఎందుకంటే టార్గెట్ దాటిన మరుసటి సంవత్సరమే టార్గెట్‌ను పెంచడం నేను చాలాసార్లు చూశాను. పని పద్ధతి మారితే తప్ప పీస్ రేటు, అంటే చేసిన ఒక్కొక్కదానికి ఇంత అని ఇచ్చే కూలి, తగ్గించబోమన్న మాటకు దశాబ్దాలపాటు కట్టుబడిన లింకన్ ఎలక్ట్రిక్ వంటి సంస్థలలో ఈ రకమైన పథకాలు ఎందుకు నిలబడ్డాయో దీనినిబట్టి అర్థమవుతుంది.

మీ సంస్థ ఆలోచిస్తున్న ర్యాంకుల పద్ధతికి అన్నింటికంటే దగ్గరగా ఉన్నది 2005లో బండియేరా, బారంకే, రసూల్ ప్రచురించిన అధ్యయనం. బ్రిటన్‌లోని ఒక పండ్ల తోటలో కూలీల చెల్లింపు ఆ రోజు తోటివారి సగటుతో పోల్చి నిర్ణయమయ్యేది. అంటే ఒకరు వేగంగా కోస్తే మిగతావారి ఆదాయం తగ్గుతుంది. ఆ పద్ధతిని తీసేసి, కోసినదానికి ఇంత అని మామూలు పీస్ రేటు పెట్టగానే ఉత్పాదకత కనీసం 50 శాతం పెరిగింది. అంతకుముందు వారు పరస్పరం మొహమాటపడి నెమ్మదిగా పనిచేశారన్నమాట, స్నేహితులు పక్కనున్నప్పుడు మరింతగా. పొదలు ఎత్తుగా పెరిగి, పక్కవారు ఎంత కోస్తున్నారో కనబడని పంట దగ్గర మాత్రం ఈ మొహమాటం కనిపించలేదు. కనుక వారిని ఆపింది ఉదారత కాదు, ఎవరైనా గమనిస్తారేమోనన్న జంకు.

ఇదే సంగతిని నేనొక కస్టమర్ సపోర్టు విభాగంలో చూశాను. మూసిన టికెట్ల, అంటే పరిష్కరించిన ఫిర్యాదుల, సంఖ్యను బట్టి ర్యాంకు, ర్యాంకును బట్టి మూడు నెలలకొకసారి బోనస్. అందరూ ఒకే హాలులో కూర్చున్నంతకాలం సంఖ్యలు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉండేవి, కొత్తగా చేరి చకచకా పనిచేసేవారికి సీనియర్లు టీ విరామంలో నెమ్మదిగా నచ్చజెప్పేవారు. అందరూ ఇళ్ల నుంచి పనిచేయడం మొదలయ్యాక ఆ కట్టుబాటు సడలి సంఖ్యలు పెరిగాయి, పెరగవలసిన చోట కాదు. సులభమైన టికెట్లను ముందుగా ఏరుకోవడం, కష్టమైనవాటిని ఇంకొకరికి బదిలీ చేయడం అలవాటైంది. అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది అందరూ కలిసి రాసుకునే పరిష్కారాల పుట. నాకు తెలిసిన చిట్కాను అక్కడ రాస్తే నా ర్యాంకే పడిపోతుంది, ఇక ఎందుకు రాయాలి? ఇంతమందికే మంచి ర్యాంకు అని ముందే కోటా పెట్టే బలవంతపు ర్యాంకుల పద్ధతికి మైక్రోసాఫ్ట్ 2013లో స్వస్తి చెప్పినప్పుడు బృందంగా పనిచేయడాన్నీ సహకారాన్నీ ప్రధానంగా ప్రస్తావించడం నాకు వింతగా అనిపించలేదు.

అయితే అన్నీ దాచిపెడితే సరిపోతుందా అంటే, సరిపోదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగులలో కొందరికి, తోటివారి జీతాలు ఒక వెబ్‌సైటులో ఉన్నాయని తెలియజేసి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. తమ విభాగంలోని తోటివారి మధ్యస్థ జీతంకంటే తక్కువ పొందుతున్నవారిలో అసంతృప్తి పెరిగింది, ఎక్కువ పొందుతున్నవారిలో ఆ మేరకు సంతృప్తి పెరగలేదు. యాజమాన్యాలు దీనిని చూపించి గోప్యతను సమర్థించుకుంటాయి. కానీ గోప్యతను ఉద్యోగులే తొలగించుకోగలరు. 2015లో గూగుల్ ఉద్యోగులు తమ జీతాలను తామే ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుని పంచుకున్నారు. పైన చెప్పిన గ్రానోవెటర్ లెక్క అక్కడ అచ్చంగా పనిచేసింది, ఒకరు రాస్తే మరొకరికి ధైర్యం వస్తుంది. నెట్‌వర్కూ జీతాల విధానమూ ఒకే చోట కలిసిన సందర్భం కూడా అదే. నార్వే అనుభవం మరో కోణం చూపుతుంది. అక్కడ పన్ను వివరాలను 2001 నుంచి ఇంటర్నెట్‌లో ఎవరైనా సులభంగా వెతకగలిగేవారు. 2014లో, మీ వివరాలు ఎవరు చూశారో మీకు తెలిసేలా నియమం మార్చగానే వెతికేవారి సంఖ్య బాగా పడిపోయింది. సమాచారం ఎక్కడికీ పోలేదు, చూసేవారూ కనబడటం మొదలైంది, అంతే.

ఇక మీ రెండవ ప్రశ్నకు వస్తాను. మీ బృందంలో ఒకరి పని మరొకరి సహాయం మీద ఆధారపడి ఉంటే, లోపలి ర్యాంకుల మీద బోనస్ పెట్టవద్దని చెప్పండి. ముందుగా ప్రకటించిన ప్రమాణంతో పోల్చమనండి, ఆ ప్రమాణాన్ని ఎంతకాలం మార్చబోరో లిఖితపూర్వకంగా ఇమ్మని అడగండి. ఈ రెండవ షరతును యాజమాన్యాలు అంత తేలికగా ఒప్పుకోవు, కానీ అది లేకుండా మొదటిది హాథార్న్ గది దారినే పడుతుంది. జీతాల శ్రేణులు, పెంపుకు పాటించే కొలమానాలు అందరికీ కనబడాలి. వ్యక్తుల నెలవారీ సంఖ్యలు వారికీ వారి మేనేజరుకూ మాత్రమే కనబడితే చాలు. అంతర్గత నెట్‌వర్కులో వచ్చే లైకులనూ పాయింట్లనూ జీతంతో ముడిపెట్టే ప్రతిపాదన ఉంటే దానిని గట్టిగా వ్యతిరేకించండి. నేను చూసిన చోట అటువంటి పాయింట్లు కొన్ని వారాలలోనే చిన్న చిన్న ముఠాల ఇచ్చిపుచ్చుకోవడంగా మారిపోయాయి.

ర్యాంకుల నిర్ణయం ఇప్పటికే ఖాయమై ఉంటే, రోజూ కలిసి పనిచేసేవారిని ఒకరితో ఒకరు పోల్చకుండా, వేర్వేరు బృందాలలో అదే రకం పని చేసేవారితో పోల్చమని అడగండి. మీ విభాగంలో ఎంతమంది ఉన్నారో, పని ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో రాస్తే ఆ విభజన గురించి ఇంకొంత వివరంగా చెప్పగలను.